శనివారం జాబితా

అక్టోబర్ 1, బుధవారం

ఉత్తరం వచ్చింది. బడ్జెట్ పాసవ్వక రాత్రి పన్నెండు నుంచి అమెరికా ప్రభుత్వం మూతపడిందట. నేను "తప్పనిసరి ఉద్యోగి"ని కాబట్టి ఎప్పటిలాగే డ్యూటీకి రావాలట, జీతం సంగతి బడ్జెట్ పాసయ్యాక చూస్తారట. కింద సంతకం పెట్టిన పెద్దమనిషి మాత్రం తప్పనిసరి కాడు. ఆయన ఇంట్లో చెప్పులేసుకుని కూర్చుంటాడు, నేను రబ్బరు బూట్లేసుకుని కోళ్ళ ముందు నిలబడతాను. ఇద్దరికీ జీతం లేదు కాబట్టి ఇద్దరం సమానమే అనుకోవాలి కాబోలు.

ఇరవై నాలుగేళ్ళ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో ఇలాంటి ఉత్తరం ఇది నాలుగోది. నేను చూసి సరే అనకపోతే రాయిస్ హెంబ్రీ తన కోళ్ళు కోసే ఫ్యాక్టరీ నుంచి ఒక్క కోడిని బయటికి పంపలేడు. చట్టం అలా ఉంది. అందుకే పార్కులు మూస్తారు, మ్యూజియాలు మూస్తారు, మమ్మల్ని మాత్రం మూయరు.

మా ఆయన ఓడెల్ ఉత్తరం చదివి, నువ్వు లేకపోతే దేశం నడవదన్నమాట అన్నాడు. నడవనిది దేశం కాదు, హెంబ్రీ లైను అన్నాను. తర్వాత ఇద్దరం పడగ్గది పైకి చూశాం. ఆగస్టు గాలివానకి లేచిపోయిన కప్పు మీద ఇంకా నీలం టార్పాలినే ఉంది. కప్పులు వేసే లానీ, అడ్వాన్సు చేతిలో పడితే గానీ నిచ్చెన వెయ్యనన్నాడు.

అక్టోబర్ 3, శుక్రవారం

ఎవరికి జీతాలొస్తాయో టీవీలో చెప్పారు. చట్టాలు చేసే కాంగ్రెస్ మెంబర్లకి వస్తాయి, వాళ్ళ జీతం రాజ్యాంగంలోనే ఉందట. తుపాకులు పట్టుకునే కొన్ని శాఖలకి ఎక్కడో నిధి దొరికిందట. పైవాళ్ళకి ముద్దొచ్చే శాఖలకి నిధులు దొరుకుతాయి. కోడి పొట్టలో వేలు పెట్టి చూసే ముసలమ్మలు ఎవరికి ముద్దొస్తారు.

మా కాంగ్రెస్ మెంబరు కూడా కనిపించాడు. జీతాలు రాని కుటుంబాలని తలుచుకుంటే రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదన్నాడు. జీతం వచ్చే మనిషికి నిద్ర పట్టకపోవడం ఏం రోగమో. హెంబ్రీ చెరువులో చేపలు పడుతూ బాగా కునుకు తీస్తాడని మా ఊళ్ళో అందరికీ తెలుసు.

అక్టోబర్ 4, శనివారం

ఒంట్లో బాగోలేదని ఫోన్ చేశాను. ఒంట్లో బాగానే ఉంది. జీతమే లేనప్పుడు శనివారం ఓవర్‌టైమ్ ఏమిటి. తోటి ఇన్‌స్పెక్టర్ కెల్సీ కూడా మానేసిందట, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. నాలుగో ఇన్‌స్పెక్టరూ రాలేదు.

వెళ్ళింది థర్మన్ ఒక్కడే. లైను నడవాలంటే ఇద్దరుండాలి. కొక్కేలకి వేలాడుతూ వచ్చే కోళ్ళలో ఒకటి నాది, తర్వాతది థర్మన్‌ది, పంతొమ్మిదేళ్ళుగా పక్కపక్కన ఇదే పని. ఒక్కడితో నడపకూడదు కాబట్టి హెంబ్రీ లైను ఆగిపోయింది. ట్రక్కుల్లో కోళ్ళు అరుస్తూనే ఉన్నాయట. థర్మన్ నాలుగు గంటలసేపు ఆగిపోయిన లైను ముందు నిలబడి, తర్వాత మా గది ఊడ్చి ఇంటికెళ్ళాడట. చర్చిలో సేవ చూసుకునే డీకన్, ఫ్యాక్టరీలో కూడా డీకనే. ఇంత మంచితనం చూస్తే ఒళ్ళు మండుతుంది.

అక్టోబర్ 8, బుధవారం

హెంబ్రీ సోమవారం కాంగ్రెస్ మెంబరుకి ఫోన్ చేశాడు. ఇవాళ ఆర్డరు వచ్చింది. శనివారం గంటల డబ్బు మామూలు జీతంలోది కాదు. ఆ రోజు హెంబ్రీ తన అవసరానికి లైను నడుపుకుంటాడు కనుక ఆ గంటల డబ్బు అతనే ప్రభుత్వానికి కడతాడు, ప్రభుత్వం మాకిస్తుంది. ఆ డబ్బు ప్రభుత్వం మూతపడ్డా ఆగకుండా ఇవ్వొచ్చని ఇప్పుడు ఎవరో కనిపెట్టారు.

మాకు జీతం ఇప్పించడానికి వారం రోజులుగా రాజధానిలో ఎవరికీ దారి దొరకలేదు. హెంబ్రీ శనివారం నడిపించడానికి రెండు రోజుల్లో దొరికింది. సంతకం పెట్టడానికి ఆఫీసులో మనిషి కూడా దొరికాడు.

అక్టోబర్ 10, శుక్రవారం

జీతం సగం వచ్చింది. సెప్టెంబర్ రోజులకి మాత్రమే.

ఇరవై నాలుగేళ్ళుగా శనివారం డ్యూటీ తప్పించుకోవడానికి పోట్లాడుకున్నాం. ఎవరి మ్యాచ్, ఎవరి మనవడి పుట్టినరోజు, ఎవరికి ఎంత సీనియారిటీ అని అరుచుకునేవాళ్ళం. ఇవాళ అదే జాబితా ముందు నలుగురం మెడలు చాచి నిలబడ్డాం. మా మీద పెత్తనం చేసే పశువుల డాక్టర్ గాస్కిన్ జాబితా అంటించి, ఎవరి మొహం చూడకుండా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

కెల్సీ, నాలుగో అతను. అంతే.

కెల్సీ వచ్చి రెండేళ్ళయింది. దాని కళ్ళ ముందు రెట్ట అంటుకున్న కోడి వచ్చి నమస్కారం పెట్టినా కనపడదు. ఈ రెండేళ్ళలో ఒక్కసారి లైను ఆపి ఎరగదు. ఫోర్‌మన్ దానికి కాఫీ తెచ్చిస్తాడు. "మీ సీనియారిటీకి మీ పేరుండాలి, మిస్ వెర్లీన్, నాకు చాలా బాధగా ఉంది" అంది నాతో. బాధ మొహంలో ఎక్కడా కనపడలేదు.

అక్టోబర్ 14, మంగళవారం

రెండుసార్లు లైను ఆపాను.

పేగులు తీసే మిషను సరిగా లేదు, చీలుస్తోంది. ఒకటీ అరా అయితే నేను సైగ చేస్తాను, నా పక్కన కత్తి పట్టుకుని నిలబడే యులాలియా కొక్కేనికి ఎర్ర క్లిప్పు పెడుతుంది, ఆ కోడి పక్కకి పోతుంది. ఇవాళ వరసగా అలాంటివే వచ్చాయి. బటన్ నొక్కాను. లైను ఆగిన ప్రతిసారీ ఫోర్‌మన్ గడియారం చూసుకుంటూ నా చుట్టూ తిరిగాడు.

యులాలియా కంపెనీ మనిషి, గ్వాటెమాలా నుంచి వచ్చి పదకొండేళ్ళయింది. మా వరసలో ప్రతి శుక్రవారం జీతం అందుకునేది ఆమె ఒక్కతే. భోజనం దగ్గర రెండు తమాలేలు, వాళ్ళ మొక్కజొన్న పిండి వంట, నా ముందు పెట్టింది. "తినండి సెన్యోరా, మీకు జీతం లేదు కదా" అంది. సిగ్గేసింది, తిన్నాను కూడా. బాగున్నాయి.

అక్టోబర్ 17, శుక్రవారం

మళ్ళీ కెల్సీ, నాలుగో అతను.

గాస్కిన్ గదికి వెళ్ళి సీనియారిటీ అనే మాట వినే ఉంటారు కదా డాక్టర్ అని అడిగాను. ఆయన పెన్నుకి మూత తీశాడు, పెట్టాడు. కంపెనీ పేర్లు ఎంచదని, అది చట్టవిరుద్ధమని, తనే ఎంచుతానని చెప్పాడు.

"శనివారం పని సాఫీగా సాగాలి, వెర్లీన్. నేను చూసేది అదొక్కటే."

సాఫీగా. తనే ఎంచుతాడు గానీ హెంబ్రీకి నచ్చినట్టు ఎంచుతాడు. గాస్కిన్‌కి వెన్నెముక ఉందో లేదో ఇన్నేళ్ళుగా నాకు అనుమానం. పశువుల డాక్టరు కదా, ఒకసారి తనకి తనే ఎక్స్‌రే తీసుకుంటే బాగుండు.

థర్మన్ జాబితా వైపు చూడనైనా చూడలేదు. ఈ వారం నాలుగుసార్లు ఆపాడు. నీకు డబ్బు అక్కర్లేదా డీకన్ అన్నాను. కావాలి, రెట్ట కూడా కనిపిస్తోంది, ఏం చెయ్యను అన్నాడు. ఇంటి దగ్గర భార్య ఫేకి చూపు సరిగా లేదు, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అయినా బటన్ నొక్కుతూనే ఉన్నాడు.

అక్టోబర్ 19, ఆదివారం

వాన. టార్పాలిన్ ఒక మూల ఊడింది. ఓడెల్ మంచం హాల్లోకి జరిపాడు. గిన్నెలన్నీ పడగ్గదిలో ఉన్నాయి, బిస్కెట్లు చెయ్యడానికి గిన్నె లేదు. లానీకి ఫోన్ చేస్తే, అడ్వాన్సు రెండు శనివారాల డబ్బంత అవుతుందని లెక్క తేలింది. శనివారాల్లో లెక్కపెట్టింది అతను కాదు, నేనే.

అక్టోబర్ 21, మంగళవారం

కోళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. మిషను బాగు చేసినట్టున్నారు.

అక్టోబర్ 22, బుధవారం

కోళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. ఒకటి రెండు సందేహంగా ఉన్నాయి గానీ అది పిత్తం మరకైనా కావచ్చు. లైటు వెలుగులో ఒక్కోసారి అలా కనిపిస్తుంది. యులాలియా చేతిలో క్లిప్పు పట్టుకుని నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

థర్మన్ మూడుసార్లు ఆపాడు. అతనికి కళ్ళద్దాలు మార్చాలేమో.

అక్టోబర్ 23, గురువారం

జీతం చీటీ వచ్చింది. అన్నీ సున్నాలు. వెయ్యని జీతానికి చీటీ అచ్చెయ్యడానికి మాత్రం మనుషులు ఉన్నారు. కెల్సీ చీటీలో సున్నాలు లేవు. చూపించక్కర్లేదన్నా చూపించింది.

కోళ్ళు శుభ్రంగానే ఉన్నాయి.

అక్టోబర్ 24, శుక్రవారం

జాబితాలో నా పేరు ఉంది. కెల్సీ, నేను.

ఎట్టకేలకి గాస్కిన్‌కి సీనియారిటీ అంటే ఏమిటో గుర్తొచ్చింది. నేను వెళ్ళి అడిగాను కాబట్టే వచ్చింది. అడగనివాడికి ఎవరిస్తారు. థర్మన్ కూడా అడగొచ్చు, నోరుంది కదా.

థర్మన్ జాబితా చూసి, సంతోషంగా ఉంది, కప్పు వేయించుకో అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు. అలాంటి మనుషులతో వేగడం చాలా కష్టం.

అక్టోబర్ 25, శనివారం

వెళ్ళాను. సాఫీగా సాగింది.

ఫోర్‌మన్ నాకు కూడా కాఫీ తెచ్చాడు. పంచదార ఎక్కువైంది.

అక్టోబర్ 29, బుధవారం

ఇవాళ జరిగింది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం చర్చి భోజనాల దగ్గర జీతాలు రాని ప్రభుత్వ ఉద్యోగులకి ఉచితంగా కోడి మాంసం పెట్టెలు పంచారు. పెట్టెలు హెంబ్రీవి, పంచింది కాంగ్రెస్ మెంబరు, ఫొటోలు తీసింది ఆయన తాలూకు మనుషులు. మా జీతం ఆపిన చేతులతోనే మాకు కోడి మాంసం ఇస్తూ పళ్ళికిలించాడు. నా భుజం మీద చెయ్యేసి, మీలాంటి వాళ్ళ వల్లే అమెరికా బల్ల మీద భోజనం ఉంటుంది అన్నాడు. నా పేరు అడగలేదు.

ఇక థర్మన్ సంగతి. మేము తనిఖీ చేసే కంపెనీ దగ్గర ఒక్కసారికి ఇరవై డాలర్లకి మించిన కానుక తీసుకోకూడదని మా రూలు. ఉద్యోగంలో చేరిన రోజు అందరం చదువుతాం, మరుసటి రోజు మర్చిపోతాం. థర్మన్ మర్చిపోలేదు. పొద్దున్నే ఆ రూలు చూసే ఆఫీసుకి ఫోన్ చేశాడు, ఈ పెట్టె తీసుకోవచ్చా అని. ప్రభుత్వం మూతపడినందువల్ల నీతి నియమాల విభాగం పనిచేయడం లేదు, బడ్జెట్ పాసయ్యాక చెయ్యండి అని టేపు పలికిందట. పగలబడి నవ్వాను. థర్మన్ నవ్వలేదు. కిరాణా దుకాణానికి వెళ్ళి అదే పెట్టె ధర చూసొచ్చాడు. ఇరవై రెండు డాలర్ల చిల్లర.

అందుకని చర్చిలో, అంతమంది ముందు, కెమెరా ముందు, పెట్టె విప్పి రెండు కాళ్ళు తీసి కాంగ్రెస్ మెంబరు చేతిలో పెట్టాడు.

"ఇవి ఎక్కువయ్యాయండి" అన్నాడు.

ఆయన చేతిలో రెండు పచ్చి కోడికాళ్ళు, నీళ్ళు కారుతున్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియదు. ఆయన మనిషి పరుగెత్తుకొచ్చి పేపరు టవల్ ఇచ్చాడు. హెంబ్రీ ఒక పక్కగా నిలబడి ఉన్నాడు, మొహం మాడిపోయింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు థర్మన్‌కి మంచిది కాదని నాకు అప్పుడే అనిపించింది.

నేను పెట్టె మొత్తం తెచ్చుకున్నాను. పక్కింటి ముసలాయన కోసం. ఆయన ఊళ్ళో లేడు కాబట్టి వండేశాను.

నవంబర్ 1, శనివారం

సాఫీగా సాగింది. లానీకి అడ్వాన్సు ఇస్తానని కబురు పెట్టాను.

యులాలియా నా వైపు చూడటం మానేసింది. క్లిప్పుల డబ్బాకి మూత పెట్టి నిలబడుతోంది. సోమవారం నుంచి తమాలేలు కూడా లేవు. వాటి కోసం నేనేమీ ఎదురుచూడలేదు.

నవంబర్ 4, మంగళవారం

హెంబ్రీ ఫిర్యాదు రాశాడు. థర్మన్ జీతం రాని కసితో, రాజకీయ ఉద్దేశంతో, కారణం లేకుండా లైను ఆపి కంపెనీకి నష్టం చేస్తున్నాడట. కాంగ్రెస్ మెంబరు తన ఉత్తరం జతచేసి జిల్లా ఆఫీసుకి పంపాడు. నీతి నియమాల ఆఫీసు మూతపడింది గానీ ఈ ఆఫీసు తెరిచే ఉంది. మూడో రోజుకే విచారణ మొదలైంది.

ఈ దేశంలో ఏ తలుపు తెరిచుంటుందో, ఏది మూసుంటుందో తడుతున్న చేతిని బట్టి ఉంటుంది. ఓడెల్‌తో గంటసేపు వాళ్ళందరినీ తిట్టాను. థర్మన్ పక్కన నువ్వే కదా నిలబడేది, నిన్ను అడుగుతారేమో అన్నాడు. అన్నం పెట్టనా వద్దా అని అడిగాను.

నవంబర్ 5, బుధవారం

కోళ్ళు శుభ్రంగానే

నవంబర్ 6, గురువారం

గాస్కిన్ పిలిచాడు. చెడ్డ కోడి కనిపించినప్పుడల్లా గీత గీసే నా షీట్లు బల్ల మీద పరిచి ఉన్నాయి, అక్టోబర్ 21 నుంచి ఉన్నవన్నీ. పక్కన థర్మన్‌వి. ఒకే మంద, ఒకే లైను, ఒక కోడి తర్వాత ఒక కోడి. థర్మన్ షీట్లలో గీతలే గీతలు. నావి తెల్లగా ఉన్నాయి. అవి పక్కపక్కన పెడితే ఎలా ఉంటాయో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆలోచించలేదనే రాస్తున్నాను.

"వీటిని నువ్వే రాశావు కదా?" అన్నాడు.

"నేనే రాశాను."

"వీటిలో ఏమైనా తప్పుందా?"

నేను నా షీట్ల అంచులు సర్దాను. ఆయన పెన్ను మూత తీశాడు.

"నీ పెన్షన్‌కి ఇంకా ఎంతుంది, వెర్లీన్?"

"పద్దెనిమిది నెలలు."

"దగ్గరికొచ్చేశావు. నేను నిన్ను థర్మన్ గురించి అడగడం లేదు. నీ షీట్లు నీవేనని, నిజమేనని ఒక్క వాక్యం రాయి. అంతకన్నా నాకేమీ వద్దు."

తప్పుందంటే నేనే రెట్ట అంటిన కోళ్ళని వదిలానని ఒప్పుకోవాలి. అప్పుడు పద్దెనిమిది నెలలూ లేవు, ఇరవై నాలుగేళ్ళూ లేవు, నేనే ఇంటికి పోతాను. లేదంటే థర్మన్ కోళ్ళ మీద ఉన్నది అతని కసి అవుతుంది.

ఒక్క వాక్యం రాశాను. సంతకం పెట్టాను. థర్మన్ గురించి ఒక్క అక్షరం రాయలేదు. అతని పేరు కూడా అందులో లేదు. నా షీట్లు నావేనని రాశాను, అవి నావే.

నవంబర్ 7, శుక్రవారం

థర్మన్‌ని జీతం లేకుండా సస్పెండ్ చేశారు. ఉన్నదే జీతం లేని ఉద్యోగం, అందులోంచి జీతం లేకుండా సస్పెన్షన్. ఎంత తెలివైనవాళ్ళో.

జాబితాలో నా పేరు మొదట ఉంది.

నవంబర్ 8, శనివారం

వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేదని ఫోన్ చేశాను.

నవంబర్ 12, బుధవారం

ప్రభుత్వం తెరుచుకుంది. రెండు పార్టీలూ గెలిచాయట. ఓడిపోయినవాడు ఒక్కడూ టీవీలో కనపడలేదు. మా కాంగ్రెస్ మెంబరు జాతీయ గీతం పాడేటప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఆగిన జీతమంతా వారంలో వేస్తారట. అందరికీ, పూర్తిగా. ఇంట్లో కూర్చున్నవాళ్ళకీ, నిలబడినవాళ్ళకీ, శనివారాలు చేసినవాళ్ళకీ, చెయ్యనివాళ్ళకీ. లానీ అడ్వాన్సు కోసం ఇంకో మూడు వారాలు ఆగుంటే సరిపోయేది.

నవంబర్ 14, శుక్రవారం

ఇవాళ లైను మీద థర్మన్ స్థానంలో కెల్సీ నిలబడింది. పాటలు కూనిరాగం తీస్తూ కోళ్ళని చూస్తుంది. మధ్యాహ్నం వరసగా ఐదు కోళ్ళు వచ్చాయి, ఎవరికైనా కనపడేంత రెట్ట. నేను బటన్ నొక్కాను. లైను ఆగింది. కెల్సీ తెల్లబోయి, ఏమైంది మిస్ వెర్లీన్, వీటిలో ఏముంది అంది. ఫోర్‌మన్ వచ్చాడు. ఇన్నాళ్ళూ లేనిది ఇవాళేమిటి అన్నాడు. యులాలియా ఐదింటికీ క్లిప్పులు పెట్టింది. నా మొహం చూడకుండా పెట్టింది.

ఇప్పుడు నొక్కితే ఎవరికి లాభం. అయినా నొక్కాను, మంచి పని చేశానని కాసేపు అనిపించింది కూడా. నన్ను చూస్తే నాకే వెగటు పుట్టింది.

నవంబర్ 18, మంగళవారం

జీతం పడింది. పైసాతో సహా.

థర్మన్‌కి విచారణ పూర్తయింది. మూడు గంటల దూరంలో ఉన్న ఫ్యాక్టరీకి బదిలీ, లేకపోతే రిటైర్మెంటు. ఫేని ఒక్కదాన్నీ వదిలి అంత దూరం పోలేడు. రిటైర్మెంటు కాగితం మీద సంతకం పెట్టాడట. సస్పెన్షన్ రోజుల జీతం మాత్రం రాదు. దేశం మొత్తం మీద ఆగిన జీతం రానిది అతనికే అనుకుంటాను. హెంబ్రీకీ, గాస్కిన్‌కీ, కాంగ్రెస్ మెంబరుకీ ఎవరికీ ఏమీ కాలేదు. నాకు కూడా.

నవంబర్ 22, శనివారం

పొద్దున్నే లానీ మనుషులు కప్పు మీదికెక్కారు. మేకులు కొడుతుంటే ఇల్లంతా అదిరింది. ఆ మోతలో థర్మన్ తలుపు కొట్టడం వినపడలేదు. ఓడెల్ తీశాడు. థర్మన్ చర్చికి వేసుకునే కోటు వేసుకొచ్చాడు, ఫే చేసిన పౌండ్ కేకు తెచ్చాడు. కూర్చోమన్నాను. కూర్చోనన్నాడు, కారులో ఫే ఉంది, కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నారట.

తల పైకెత్తి కప్పు చూశాడు. మంచి షింగిల్ పలకలు వేయిస్తున్నావు, ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు అన్నాడు. అవునన్నాను. నేను కాఫీ పెట్టడానికి లేవబోతే వద్దని చెయ్యూపాడు.

"నీతో ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. నువ్వు బాధపడుతుంటావని ఫే అంది."

నేను ఓడెల్ వైపు చూడలేదు.

"వాళ్ళు విచారణకి పిలిచినప్పుడు నేనే చెప్పాను. వెర్లీన్‌ని అడగండి, పంతొమ్మిదేళ్ళుగా నా పక్కన నిలబడింది, నేను చూసిన కోళ్ళే తనూ చూసింది, తను ఏం రాస్తే దానికి నేను కట్టుబడతాను అన్నాను. అడిగారా?"

"అడిగారు" అన్నాను. పైన మేకులు కొడుతూనే ఉన్నారు.

"అనుకున్నాను. చివరికి ఫైల్లో నా తరఫున ఒక్క కాగితం కూడా లేదన్నారు. నువ్వు రాసిచ్చింది గాస్కిన్ పైకి పంపి ఉండడు, లేకపోతే మూతపడ్డ ఆఫీసుల్లో ఎక్కడో పోయి ఉంటుంది. నువ్వు రాసింది పనికిరాలేదని మనసులో పెట్టుకోకు, వెర్లీన్."

పోయి ఉంటుంది అన్నాను. నోటికి ఆ మాటే వచ్చింది.

థర్మన్ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని థాంక్స్ చెప్పాడు.

"దేనికి?" అన్నాను.

"రాసినందుకు" అన్నాడు.